కంటి ముందు తేలే నలుసులు: ఏది వదిలెయ్యాలి, ఏది వెంటనే చూపించాలి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని మనం ఏటా ఈ తేదీన కలుసుకుంటున్నాం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఆ హక్కుల గురించి, కరువు భత్యం గురించి మాట్లాడడానికి నాకంటె బాగా తెలిసినవారు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు.

ముందుగా ఒక మనవి. నేను డాక్టరును కాను. 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 1985లో మండలాలు వచ్చాక మండల ఆఫీసుల్లో తిరిగి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అడంగళ్ళు, టప్పాళ్ళు, రిజిస్టర్లు చూసి చూసి ముప్పై అయిదేళ్ళు ఈ కళ్ళతోనే బతికాను. మన నెలవారీ సమావేశాల్లో టీ తాగేటప్పుడు ఎవరో ఒకరు పక్కకు పిలిచి, "ఏమండీ, కంటి ముందు నల్లటి చుక్కలు తిరుగుతున్నాయి, మీకూ అంతేనా?" అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ కలిపి ఒకేసారి జవాబు చెబుదామని ఈ అంశం ఎంచుకున్నాను. డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ, నాకూ నా తోటివారికీ అనుభవమైనదీ మాత్రమే చెబుతాను.

అసలివి ఏమిటి?

తెల్లటి గోడ వైపో, ఆకాశం వైపో, పొద్దున్నే పేపరు వైపో చూస్తున్నప్పుడు చిన్న చుక్కలు, దారపు పోగులు, సాలెగూటి ముక్కలు, ఒక్కోసారి ఉంగరం లాంటి ఆకారం తేలుతూ కనిపిస్తాయి. సూటిగా చూద్దామని కన్ను తిప్పితే అవీ పక్కకు జారుకుంటాయి. కన్ను ఆపినా అవి ఇంకాసేపు ఊగి మెల్లగా సర్దుకుంటాయి. డాక్టర్లు వీటిని ఫ్లోటర్లు అంటారు. పాత వైద్య గ్రంథాల్లో వీటికున్న లాటిన్ పేరుకు "ఎగిరే ఈగలు" అని అర్థమట. మన ఇళ్ళలోనూ "కంటి ముందు ఈగలు ముసురుతున్నాయి" అనే అంటాం. మా చిన్న మనవడు నేను చెయ్యి విసరడం చూసి, "తాతయ్యా, దోమ ఏదీ?" అని అడిగేవాడు. వాడికి దోమ ఎలా కనపడుతుంది? అది నా కంటి లోపల ఉంది.

కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందు కంటిపాప, దాని వెనక కటకం. శుక్లం వచ్చేది ఈ కటకానికే. కటకానికి వెనక ఉన్న గది కనుగుడ్డులో అయిదింట నాలుగు వంతులు ఆక్రమిస్తుంది. ఆ గది నిండా లేత తాటిముంజె లాంటి పారదర్శకమైన జిగురు ఉంటుంది. పిల్లల పాఠ్యపుస్తకాల్లో కాచావత్ ద్రవం అని రాస్తారు, డాక్టర్లు విట్రియస్ అంటారు. మొత్తం కలిపి సుమారు నాలుగు మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాడు కూడా కాదు. అందులో నూటికి 98 పాళ్ళు నీరే. మిగిలిన కాస్తలోనే కంటికి కనపడనంత సన్నని పోగులు ఉండి ఆ జిగురును గట్టిగా పట్టి ఉంచుతాయి. గది వెనక గోడకు అతుక్కుని, అర మిల్లీమీటరు మందం కూడా లేని పలుచని పొర ఒకటి ఉంటుంది. అదే రెటీనా, తెలుగులో నేత్రపటలం. బొమ్మ పడేది దాని మీదే.

గడ్డపెరుగు కదిపితే నీరు ఒకపక్క, గడ్డ ఒకపక్క అవుతుంది కదా. వయసు మీద పడ్డకొద్దీ కంటి లోపలి జిగురూ అలాగే అవుతుంది. కొంత భాగం నీరవుతుంది. పోగులు ఒకదానికొకటి చుట్టుకుని ముద్దకడతాయి. వెలుతురు లోపలికి వచ్చినప్పుడు ఆ ముద్దల నీడ రెటీనా మీద పడుతుంది. మనం చూసేది ఆ నీడనే. అందుకే మసక వెలుతురులో కనపడనివి తెల్లటి వెలుతురులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇంతవరకు ఇది జుట్టు నెరిసినట్టే వయసుతో వచ్చే మార్పు. రోగం కాదు.

ప్రమాదం ఎక్కడుంది?

ఇలా నీరవుతూ పోయిన జిగురు ఒకనాటికి ముడుచుకుని రెటీనా నుంచి విడిపోతుంది. యాభై దాటాక ఎప్పుడైనా జరగవచ్చు. డెబ్బై దాటినవారిలో చాలా మందికి జరిగిపోయే ఉంటుంది. దూరపు చూపు ఆనక చిన్నప్పటి నుంచి మైనస్ అద్దాలు పెట్టుకునేవారికి, శుక్లాల ఆపరేషను అయినవారికి ఇంకాస్త ముందే జరుగుతుంది.

పాత రిజిస్టర్లలో చెమ్మకు అంటుకుపోయిన పేజీలను విడదీసిన అనుభవం మనలో చాలా మందికి ఉంది. ఎక్కువ పేజీలు మెల్లగా లాగితే శుభ్రంగా వచ్చేస్తాయి. ఎక్కడో ఒకచోట బంక గట్టిగా పట్టి ఉంటే మాత్రం కాగితం చిరిగి వస్తుంది. కంట్లోనూ అంతే. జిగురు విడిపోయేటప్పుడు చాలా మందికి ఏ ఇబ్బందీ లేకుండా విడిపోతుంది. కొత్తగా నలుసులు, మెరుపులు కనపడి డాక్టరు దగ్గరికి వెళ్ళినవారిలో నూటికి పది పదిహేను మందికి మాత్రం రెటీనా చిరిగి ఉంటుంది.

చిరిగినంత మాత్రాన చూపు పోదు. ఆ చిరుగు గుండా నీరు వెనక్కి దిగితేనే పోతుంది. గోడకు అంటించిన పోస్టరు వెనక్కి వాన నీరు దిగితే పోస్టరు మొత్తం ఊడి వేలాడినట్టు, రెటీనా కూడా గోడ నుంచి ఊడి వస్తుంది. ఇది గంటల్లో కావచ్చు, రోజుల్లో కావచ్చు, కొందరికి వారాలు పట్టవచ్చు. చిరుగుకూ ఊడడానికీ మధ్య ఉన్న ఆ కొద్ది వ్యవధిలోనే మన చూపు ఉందన్నమాట.

ఇంకో సంగతి గమనించాలి. రెటీనాకు నొప్పి తెలియదు. దానికి తెలిసింది వెలుతురు ఒక్కటే. జిగురు దాన్ని లాగుతుంటే నొప్పికి బదులు మెరుపు కనిపిస్తుంది. చీకటి గదిలో కన్ను తిప్పినప్పుడు చివర్న తళుక్కుమనేది ఆ లాగుడే. పన్ను పీకితే ఊరంతా తెలిసేటట్టు మూలుగుతాం. కన్ను పోతున్నా మూలగం. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ఈ జబ్బులో అసలు ముప్పు.

ముగ్గురి అనుభవాలు

నాకు తెలిసిన ముగ్గురి సంగతి చెబుతాను. మొదటివాణ్ణి నేనే. 2019 ఫిబ్రవరిలో, నా అరవై తొమ్మిదో ఏట, ఒక సాయంత్రం కుడి కంటి ముందు ఉంగరం లాంటి నలుసు ఒకటి హఠాత్తుగా వచ్చింది. అంతకు ముందు చిన్నా చితకా చుక్కలు ఉండేవి గాని ఇంత పెద్దది ఎప్పుడూ లేదు. రాత్రి లైటు తీసేశాక కంటి చివర మెరుపులు. మా ఆవిడతో చెబితే, "ఏమండీ, ఇది పండగ వెళ్ళాక చూసుకునే పని కాదు, పొద్దున్నే బయలుదేరదాం" అంది. మా ఊళ్ళో రెటీనా డాక్టరు లేరు. మర్నాడు మొదటి బస్సుకు విజయవాడ వెళ్ళాం. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దది చేసి, డాక్టరు గారు అంచుల దాకా చూశారు. "జిగురు విడిపోయింది, ఎక్కడా చిరగలేదు, మందులు అక్కర్లేదు. నెల తర్వాత మళ్ళీ రండి. ఈలోగా చుక్కలు పెరిగినా, పరదా లాగా అడ్డం వచ్చినా ఒక్క పూట కూడా ఆగకండి" అన్నారు. నెల తర్వాత చూసి అంతా బాగుందన్నారు. ఆ ఉంగరం ఇప్పటికీ ఉంది. దాని దారిన అది, నా దారిన నేను.

రెండో ఆమె ఉపాధ్యాయురాలిగా చేసి రిటైరయిన సోదరి. ఆమెకూ ఇదే విధంగా ఒక ఉదయం నలుసులు, మెరుపులు మొదలయ్యాయి. మర్నాడే కూతురు వెంటబెట్టుకుని తీసుకువెళ్ళింది. పరీక్షలో రెటీనా పై భాగంలో గుర్రపు నాడా ఆకారంలో చిన్న చిరుగు కనపడింది. అప్పటికప్పుడు లేజరుతో దాని చుట్టూ కట్టు వేశారు. సాయంత్రానికి ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని కాఫీ తాగింది. ఇవాళ్టికీ రామాయణ పారాయణం అద్దాలతో తనే చదువుకుంటుంది.

మూడో ఆయన నాతో పాటు పక్క సీటులో పదేళ్ళు పనిచేసిన మిత్రుడు. టైపు మిషను మీద ఆయన చేతికి, ఫైలు మీద ఆయన కంటికి ఆఫీసులో మంచి పేరు. ఆయనకూ మొదట కనపడింది ఇవే నలుసులు, ఇవే మెరుపులు. ఒక అద్దాల షాపులో కంప్యూటర్ పరీక్ష చేసి, "వయసు వల్ల వచ్చేవే, నంబరు కొద్దిగా మారింది" అని కొత్త కళ్ళజోడు ఇచ్చారు. ఇంట్లో మనవరాలి పెళ్ళి. నొప్పి లేదు, ఎరుపు లేదు. పన్నెండు రోజులు గడిచాయి. ఒకరోజు ఆ కంటికి కింది నుంచి నల్లటి పరదా పైకి లేచినట్టయింది. రెండు రోజుల్లో సగం చూపు కప్పేసింది. పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి రెటీనా నడిబొడ్డు, అంటే మనం అక్షరాలు చదివే చోటు కూడా ఊడిపోయింది. ఆపరేషను బాగానే చేశారు, రెటీనా తిరిగి అతుక్కుంది. కాని ఆ కంటితో మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. చదువు రాదు.

మిత్రులారా, నేను ఈ రోజు చెప్పదలచుకున్న ఒకే ఒక్క సంగతి ఇది. మా ముగ్గురికీ మొదటి రోజు కనపడింది ఒకటే. నాకు చిరగలేదని, ఆ సోదరికి చిరిగిందని, ఆ మిత్రుడికి ఊడబోతోందని మాలో ఎవరికీ లోపలి నుంచి తెలియలేదు. తెలిసే వీలు లేదు. పక్కింటివారు చెప్పలేరు, అద్దాల షాపువారు చెప్పలేరు, నంబరు చూసే కంప్యూటరు చెప్పలేదు. కంటిపాప పెద్దది చేసి రెటీనా అంచుల దాకా చూసిన డాక్టరు ఒక్కరే చెప్పగలరు.

ఏవి అర్జెంటు?

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, నలుసులన్నీ ఒకే ఫైలులో పెట్టకూడదు. ఏళ్ళ తరబడి ఉన్నవి, పెరగనివి, మెరుపులు లేనివి అయితే ఎల్.డిస్. చేసి పక్కన పెట్టవచ్చు. ఏడాదికోసారి డాక్టరుకు చూపిస్తే చాలు. కింద చెప్పేవాటికి మాత్రం ఎర్ర ఫ్లాగు పెట్టి అదే రోజు, మహా అయితే మర్నాడు కంటి డాక్టరు ముందుకు పంపాలి.

ఒకటి, హఠాత్తుగా కొత్త నలుసులు రావడం, లేదా ఉన్నవి ఒక్కసారిగా ఎక్కువ కావడం.

రెండు, మసి రాలినట్టు, మిరియాలు చల్లినట్టు అసంఖ్యాకంగా చుక్కలు రావడం. ఇది లోపల రక్తం చిమ్మిందనడానికి గుర్తు కావచ్చు.

మూడు, ఒక కంటి చివర మెరుపులు, ముఖ్యంగా చీకట్లో.

నాలుగు, ఏదో ఒక వైపు నుంచి పరదా, నీడ అడ్డం రావడం. ఇది వస్తే ఒక్క గంట కూడా ఆలోచించనక్కరలేదు.

అయిదు, చూపు మందగించడం, తిన్నని గీతలు వంకరగా కనపడడం.

ఆరు, నలుసులతో పాటు కన్ను ఎర్రబడి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం. ఇది లోపలి వాపు కావచ్చు. ఈమధ్యనే కంటి ఆపరేషను అయినవారైతే మరీ తొందరపడాలి.

కొందరికి రెండు కళ్ళలోనూ రంపపు పళ్ళలాంటి వెలుగు గీతలు ఇరవై ముప్పై నిమిషాలు మెరిసి, తర్వాత తలనొప్పి వస్తుంది. అది తలనొప్పికి సంబంధించిన వేరే విషయం కావచ్చు. అయినా మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరుకు చెప్పాలి.

షుగరు ఉన్నవారికి ప్రత్యేకంగా మనవి. మీకు నలుసులంటే జిగురు పోగులే కానక్కరలేదు. షుగరు వల్ల రెటీనా మీద పెళుసు రక్తనాళాలు పుట్టి, అవి చిట్లి రక్తం కారవచ్చు. నల్లటి దారాలు వేలాడినట్టు, ఎర్రటి పొగ కమ్మినట్టు కనిపిస్తుంది. చూపు బాగానే ఉందనుకున్నా ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేయించుకుని రెటీనా చూపించుకోవాలి. బీపీ ఉన్నవారికీ ఇది మంచిదే.

పరీక్షకు వెళ్ళేటప్పుడు

చుక్కల మందు వేశాక నాలుగైదు గంటలు దగ్గరి చూపు మసకేస్తుంది, ఎండ చూడలేం. కాబట్టి స్కూటరు నడుపుకుంటూ వెళ్ళకండి. ఒకరిని తోడు తీసుకువెళ్ళండి. నల్లద్దాలు, వాడే మందుల చీటీ, పాత కంటి కాగితాలు, హెల్త్ కార్డు ఉంటే అదీ వెంట ఉంచుకోండి. నీటికాసుల జబ్బు ఉందని ఇదివరకు ఎవరైనా చెప్పి ఉంటే మందు వెయ్యకముందే చెప్పండి. డాక్టరు గారు తలకు దీపం కట్టుకుని, చేతిలో కటకం పట్టుకుని, కనుగుడ్డును పక్క నుంచి కాస్త నొక్కి చూస్తారు. ఇబ్బందిగా ఉంటుంది గాని ఓర్చుకోదగినదే. చిరుగులు సాధారణంగా అంచుల్లో ఉంటాయి కనుక అలా నొక్కితే గాని కనపడవు. రక్తం వల్లో ముదిరిన శుక్లం వల్లో లోపల కనపడకపోతే స్కానింగు చేస్తారు.

బయటికి వచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. చిరుగు ఉందా, లేదా? మళ్ళీ ఎప్పుడు రావాలి? ఏం కనపడితే ముందే రావాలి? మొదటిసారి చిరుగు లేదన్నా నాలుగు నుంచి ఆరు వారాల్లో మరోసారి రమ్మంటారు. విడిపోవడం ఇంకా పూర్తి కాకపోతే ఆలస్యంగా కూడా చిరగవచ్చు. ఆ రెండో పరీక్ష ఎగ్గొట్టకండి. ఒక కంటికి అయ్యాక రెండో కంటికి కూడా తరచుగా ఒకటి రెండేళ్ళలో జరుగుతుందని గుర్తుంచుకోండి.

చికిత్స సంగతి

చిరుగు లేని నలుసులకు చికిత్స అక్కర్లేదు. కొన్ని వారాలు, కొన్ని నెలలు పోయాక మెదడు వాటిని లెక్కచెయ్యడం మానేస్తుంది. ఆఫీసులో చేరిన కొత్తలో సీలింగు ఫ్యాను చప్పుడు చెవుల్లో గింగురుమనేది. ఆరు నెలలకు ఫ్యాను ఆగితేనే గాని అది ఉందని తెలిసేది కాదు. ఇదీ అంతే.

చిరుగు ఉంటే లేజరుతో గాని, అతిశీతల పరికరంతో గాని దాని చుట్టూ రెటీనాను గోడకు అతికిస్తారు. లేజరైతే చుక్కల మందుతోనే కన్ను మొద్దుబారుతుంది, కూర్చోబెట్టి కొద్ది నిమిషాల్లో చేస్తారు. ఆ అతుకు గట్టిపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

రెటీనా ఊడిపోతే పెద్ద ఆపరేషను కావాలి. ఒకప్పుడు అదీ లేదు. రెటీనా ఊడితే కన్ను పోయినట్టే అనుకునే రోజుల్లో, స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో జూల్స్ గోనిన్ అనే డాక్టరు, ఊడడానికి మూలం చిరుగేనని, దాన్ని మూస్తే రెటీనా అతుక్కుంటుందని 1920లలో నిరూపించాడు. ఆ రోజుల్లో రోగిని తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి వారాల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారట. 1970ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ మాకెమర్ జిగురునే సన్నని పరికరంతో తొలగించే విట్రెక్టమీ ఆపరేషను కనిపెట్టాక ఈ వైద్యం దశ తిరిగింది. ఇప్పుడు మొదటి ఆపరేషనుతోనే నూటికి ఎనభై అయిదు, తొంభై మందికి రెటీనా అతుక్కుంటోంది. అయితే అతుక్కోవడం వేరు, చూపు రావడం వేరు. నడిబొడ్డు ఊడకముందు వెళ్ళినవారికే మంచి చూపు మిగులుతుంది.

ఈ ఆపరేషనులో కొందరికి కంట్లో ప్రత్యేకమైన గాలి నింపుతారు, కొన్నాళ్ళు తల వంచి ఉండమంటారు. ఆ గాలి పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎత్తయిన కొండలకు వెళ్ళకూడదు. పైకి వెళ్ళేకొద్దీ గాలి వ్యాకోచించి కంటికి ప్రమాదం. ఈలోగా మరేదైనా ఆపరేషనుకు మత్తు ఇవ్వవలసి వస్తే ఆ డాక్టరుకూ చెప్పాలి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి టిక్కెట్లు తీసుకుని ఉన్నవారు ఇది గుర్తుంచుకోండి. ప్రయాణం దగ్గర పడ్డాక కొత్త నలుసులు వస్తే, అక్కడికి వెళ్ళాక చూసుకుందాం అనుకోక ఇక్కడే చూపించుకుని బయలుదేరండి.

మన ప్రాంతం అదృష్టం కొద్దీ ఇందుకు దూరం పోనక్కరలేదు. 1978లో మద్రాసులో శంకర నేత్రాలయ స్థాపించిన బద్రీనాథ్ గారు రెటీనా వైద్యులే. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. దానికి విశాఖపట్నంలోనూ, విజయవాడ దగ్గరా శాఖలున్నాయి. ప్రభుత్వ రంగంలో హైదరాబాదు సరోజినీదేవి ఆసుపత్రి, విశాఖ, కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా "రెటీనా డాక్టరు గారికి చూపించాలి, నలుసులు, మెరుపులు కొత్తగా వచ్చాయి" అని కౌంటరులోనే చెప్పండి. ఆ ఒక్క మాటతో మన కేసు తొందరది అని వారికి అర్థమవుతుంది. బిల్లులు, కాగితాలు అన్నీ జాగ్రత్త చేసుకోండి. రీయింబర్సుమెంటు విషయం కార్యదర్శి గారు సాయం చేస్తారు.

చిరుగు లేకపోయినా నలుసులు భరించలేకపోతున్నాం, తీయించుకోవచ్చా అని కొందరు అడుగుతారు. రెండు మార్గాలున్నాయి. ఒకటి, యాగ్ లేజరుతో నలుసును పగలగొట్టడం. 2017లో అమెరికాలో ప్రచురితమైన చిన్న పరీక్షలో 52 మందిని తీసుకున్నారు. నిజం లేజరు పొందిన 36 మందిలో 19 మంది ఆరు నెలల తర్వాత బాగా తగ్గిందన్నారు. ఉత్తుత్తి లేజరు పొందిన 16 మందిలో అలా అన్నవారు ఒక్కరూ లేరు. ఆశ ఉంది గాని ఇంత చిన్న పరీక్ష చాలదు, అన్ని రకాల నలుసులకూ పనికిరాదు. రెండోది విట్రెక్టమీ. నలుసులు పోతాయి. కాని శుక్లం తొందరగా రావడం, రెటీనా చిరగడం, అరుదుగా చీము పట్టడం వంటి ప్రమాదాలున్నాయి. చదువు, పని సాగనంత బాధ ఉన్నవారు మాత్రమే, డాక్టరుతో బాగా మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి.

చెయ్యకూడనివి

నలుసులను కరిగించే చుక్కల మందు లేదు, మాత్రలు లేవు. కంటి పైన వేసిన చుక్క, కటకం వెనక ఉన్న జిగురులోని పోగులను ఏమీ చెయ్యలేదు. తేనె, ఉల్లిరసం, చనుబాలు, ఆకు పసర్లు కంట్లో పోసుకోవద్దు. కంటికి పుండు పడితే ఉన్న చూపు పోతుంది. నందివర్ధనం పూలు మూసిన కళ్ళ మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, మా అమ్మ కూడా పెట్టేది, కాదనను. దాని రసం కంట్లో పిండవద్దు. అనాస పండు తింటే నలుసులు పోతాయన్న ప్రచారం ఒకటి ఉంది. నమ్మదగిన రుజువు లేదు. షుగరు ఉన్నవారు ఆ నమ్మకంతో రోజూ పండు తింటే నష్టమే. కళ్ళు గట్టిగా నులమకండి.

కళ్ళజోడు మార్చినందువల్ల నలుసులు పోవు. శుక్లాల ఆపరేషను అయ్యాక కొందరికి నలుసులు కొత్తగా కనిపిస్తాయి. చాలాసార్లు అవి ముందే ఉన్నవి, పొగమంచు తొలగాక కనపడుతున్నాయి. అయినా అది మనం తేల్చుకునే విషయం కాదు, ఆపరేషను చేసిన డాక్టరుకు చూపించాల్సిందే.

రోజూ వాటితో ఎలా?

చదివేటప్పుడు నలుసు అడ్డం వస్తే కళ్ళను ఒకసారి పైకి కిందికి తిప్పండి, జిగురు కదిలి నలుసు పక్కకు పోతుంది. దీపం వెనక నుంచి, భుజం మీదుగా పడేటట్టు కూర్చోండి. ఎండలోకి వెళ్ళేటప్పుడు నల్లద్దాలు, గొడుగు వాడండి. సెల్ ఫోను వెలుతురు తగ్గించుకోండి. పొద్దస్తమానం తెల్లగోడ వైపు చూసి నలుసులు లెక్కపెట్టుకోవద్దు. లెక్కపెడితే పెరిగినట్టే ఉంటాయి.

దీనితో పాటు ఒక చిన్న పని చెయ్యండి. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు ఒక కన్ను లోపాన్ని రెండో కన్ను కప్పిపుచ్చుతుంది. కాబట్టి నెలకోసారి, పెన్షను పడిన రోజున, అద్దాలు పెట్టుకుని ఒక్కో కన్ను అరచేత్తో మూసి ఎదురుగా గోడ క్యాలెండరును, తలుపు చట్రాన్ని చూడండి. తేదీలు స్పష్టంగా ఉన్నాయా? చట్రం గీతలు తిన్నగా ఉన్నాయా? ఏ మూలనైనా నీడ ఉందా? నలుసులు పోయిన నెలలాగే ఉన్నాయా? నిమిషం పని. బ్యాంకు పాసుపుస్తకంలో ఒక్క రూపాయి తేడా వస్తే మనం ఊరుకోం. కళ్ళ విషయంలోనూ అంత నిక్కచ్చిగా ఉందాం.

చివరగా, ఇక్కడికి వచ్చిన కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు, అల్లుళ్ళకు ఒక మాట. పెద్దవాళ్ళం మేము చాలా విషయాలు చెప్పం. మీకు సెలవు దొరకదని, ఖర్చవుతుందని, ఇంట్లో శుభకార్యం ఉందని దాచుకుంటాం. "కంట్లో ఏదో మెరుస్తోందిరా" అని మీ నాన్నగారో, అత్తగారో మాటవరసకు అంటే, దాన్ని మాటవరసకు తీసుకోకండి. ఆ పూటే బయలుదేరదీయండి. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందిని డాక్టరు "ఏమీ లేదు" అని పంపిస్తారు. ఆ ఏమీ లేదన్న మాట కోసమే వెళ్ళాం అనుకోండి. ఆ మిగిలిన ఒకరిద్దరికి చూపు నిలుస్తుంది. నా పక్క సీటు మిత్రుడు ఈ సభకు వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. తన సంగతి పేరు లేకుండా చెప్పమని, తప్పకుండా చెప్పమని ఆయనే నన్ను కోరారు. ఆయనకు మీ అందరి తరఫునా కృతజ్ఞతలు.